ఊరి పొలంలో ప్రవాసి పాలు: గుడి, చర్చి, దర్గా తోడుగా ఉమ్మడి సాగు ఎలా చేయాలి

గాలిగోపురానికో, చర్చి పైకప్పుకో, దర్గా ప్రహరీకో విదేశాల నుంచి డబ్బు రావడం మన ఊళ్లకు కొత్త కాదు. శిలాఫలకం మీద పేర్లు చెక్కిస్తారు, ప్రారంభోత్సవం నాడు భోజనాలు పెడతారు, దాత తిరిగి విమానమెక్కుతారు. మళ్లీ మాట కలిసేది తర్వాతి చందా అడిగినప్పుడే. అదే ఆ డబ్బులో కొంత ఒక ఎకరం సాగులో పెట్టి చూడండి. జూన్‌లో వాన పడిందా అని డాలస్‌లో ఉన్నవారు అడుగుతారు. తుపాను వస్తుందంటే దుబాయ్‌లో ఉన్నవారికీ నిద్ర పట్టదు. ఊళ్లోవారికి విదేశంలో ఉన్న మనిషి తమ కష్టసుఖాల్లో పాలివాడుగా కనిపిస్తాడు. భక్తి పేరుతో ఇద్దరినీ కలిపే పని ఏదైనా చేయాలనుకుంటే ఇంతకు మించినది నాకు తెలియదు.

మీరు గుడి కమిటీలో ఉన్నా, సంఘకాపరి అయినా, మసీదు పెద్ద అయినా, ఊరు వదిలి వెళ్లి ఊరి మీద మనసున్నవారైనా, ఈ కింది క్రమంలో వెళ్లండి. ఒక్క ఎకరంతోనే మొదలుపెట్టండి.

1. పొలం కంటే ముందు వంటగది చూడండి

పండిన పంట ఎవరి విస్తట్లోకి వెళ్తుందో ముందే తేల్చుకోవాలి. "ఊరి అభివృద్ధి కోసం" అంటే ఎవరికీ ఏమీ గుర్తుండదు. "శనివారం గుడి దగ్గర వంద మందికి అన్నం" అంటే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. గుడిలో అన్నదానం, చర్చిలో ప్రేమవిందు, రంజాన్‌లో ఇఫ్తార్, ఉర్సు నాటి భోజనం, వీటిలో మీ ఊళ్లో ఇప్పటికే నడుస్తున్నదాన్ని ఎంచుకోండి. కొత్తది కనిపెట్టనక్కర్లేదు.

తర్వాత కాగితం మీద లెక్క వేయండి. వంద మందికి ఒక పూటకు సుమారు 15 కిలోల బియ్యం పడుతుంది. వారానికి ఒక పూట చొప్పున ఏడాదికి 780 కిలోలు. ధాన్యం మర పట్టిస్తే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువగా బియ్యం వస్తుంది కాబట్టి, పన్నెండు క్వింటాళ్ల ధాన్యం కావాలి. నీటి వసతి ఉన్న ఎకరంలో, తొలి ఏడాది దిగుబడి తగ్గినా, 18 నుంచి 20 క్వింటాళ్లు ఆశించవచ్చు. అంటే ఒక ఎకరం ఒక ఊరి వారపు భోజనాన్ని మోయగలదు, మిగిలింది సాగుచేసిన కుటుంబానికి. మెట్ట పొలమైతే కంది, జొన్న, పెసర వేసి పప్పు వరకు లెక్క కట్టుకోండి. బియ్యం కొనుక్కోవచ్చు. సొంత పొలంలో పండిన కందిపప్పు వండిన రోజున తినేవారికి ఆ తేడా తెలుస్తుంది.

ఈ ఆలోచన పెద్ద ఎత్తున కూడా సాగుతోంది. గో ఆధారిత వ్యవసాయంలో పండిన బియ్యంతో తిరుమలలో స్వామివారికి నైవేద్యం పెట్టడం 2021లో మొదలైంది. ప్రకృతి సేద్యం చేసే రైతుల నుంచి ముడిసరుకులు తీసుకునేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థతో కలిసి దేవస్థానం అడుగు వేసింది. మీ ఊరి గుడి ఆ పని ఒక్క ఎకరం మేరకు చేస్తే చాలు.

2. తొలి సమావేశానికి ఎవరెవరు రావాలి

చాలా ప్రయత్నాలు ఇక్కడే పాడవుతాయి. కమిటీ పెద్దలు, విదేశంలో ఉన్న నలుగురు మాట్లాడేసుకుని, పొలంలో దిగే మనిషికి చివర్లో కబురు పెడతారు. అలా చేయకండి. ఆ భూమిని ఇప్పటికే కౌలుకు చేస్తున్న రైతు, నాట్లు వేసే ఆడవారిలో కనీసం ముగ్గురు, నీళ్లు వదిలే నీరుగట్టి, వంట చేసేవారు, వీళ్లందరూ మొదటి రోజే ఉండాలి. దళితవాడ నుంచి వచ్చేవారు సంకోచం లేకుండా కూర్చోగలిగే చోట సమావేశం పెట్టండి. గుడి మండపంలోకి అడుగుపెట్టడానికి ఎవరైనా ఇంకా జంకుతున్న ఊరైతే పాఠశాల ఆవరణ మేలు. పండించే చేతులు ఒకరివి, పంక్తిలో ముందు కూర్చునేది మరొకరు అయితే ఆ అన్నానికి ప్రసాదమనే పేరు పెట్టడం తగదు. అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారన్న మాట తొలిరోజే, పదిమంది ముందు, పెద్దలచేత చెప్పించండి.

సమయం విషయానికి వస్తే శనివారం రాత్రి 8 గంటలు అందరికీ కుదురుతుంది. అప్పుడు దుబాయ్‌లో 6.30, వేసవిలో డాలస్‌లో ఉదయం 9.30. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు, ఎమిరేట్స్‌లో శని, ఆదివారాలు. ఫోనును బల్ల మీద పెట్టి స్పీకర్‌లో మాట్లాడించండి. మొదటి అరగంట ఊళ్లోవారే మాట్లాడాలి, దూరాన ఉన్నవారు వినాలి. ఈ నియమం చిన్నదే అయినా, ఎవరి మాటకు విలువ ఉంటుందో దానితోనే తేలిపోతుంది.

3. భూమి ఏదో, దాని కాగితాలు ఏమిటో

దేవుడి మాన్యం ఉంటే అందులోనే చేద్దామని అందరికీ అనిపిస్తుంది. తొందరపడకండి. దేవాదాయ శాఖ పరిధిలోని భూములకు 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తుంది. కౌలు ఆ శాఖ నిబంధనల ప్రకారం, సాధారణంగా బహిరంగ వేలంలో ఖరారవుతుంది. ఊరి కమిటీ నోటిమాటతో ఇవ్వడానికి వీల్లేదు. ఆ భూమిలో ఏళ్ల తరబడి సాగుచేసుకుంటున్న నిరుపేద కౌలుదారు ఉంటే, ఆయనను తప్పించి "భక్తుల సాగు" మొదలుపెట్టడం అన్యాయం. ఆయననే మీ సాగుకు పెద్దగా పెట్టుకోండి. వక్ఫ్ భూమికి వక్ఫ్ బోర్డు, చర్చి భూమికి ఆ డయోసిస్ లేదా ట్రస్టు రాతపూర్వక అనుమతి కావాలి.

నా దృష్టిలో మొదటి ఏడాదికి తేలికైనది ప్రవాసి కుటుంబానికి వారసత్వంగా వచ్చిన పొలం. చాలా ఊళ్లలో ఇలాంటివి బీడు పడో, అరకొర కౌలుకో ఉన్నాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నవారు మన దేశంలో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఇల్లు కొనవచ్చు గాని పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే, లేదా దేశంలో ఉన్నప్పుడు కొన్నదైతే, ఉంచుకోవచ్చు. అందువల్ల "ఉమ్మడి సాగు కోసం కొత్తగా రెండెకరాలు కొందాం" అని విదేశంలో ఎవరైనా ఉత్సాహపడితే అక్కడికక్కడే ఆపండి. బంధువు పేరున కొనడం అంతకంటే ప్రమాదం. పీఎం కిసాన్ సాయానికి ప్రవాస భారతీయులు అర్హులు కారన్నదీ ముందే చెప్పేయండి.

పొలం యజమానికి ఒక భయం ఉంటుంది: కౌలుకు ఇస్తే భూమి చేజారుతుందేమోనని. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ఈ చిక్కును విప్పింది. యజమాని, సాగుదారు పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే సాగుదారుకు కార్డు వస్తుంది. దానితో పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి దారి దొరుకుతుంది. భూమి హక్కు యజమానికే ఉంటుంది. విదేశంలో ఉన్న యజమాని సంతకం పెట్టనందువల్ల కార్డు రాని కౌలు రైతులు ఎందరో. మీరు ఈ ఒక్క సంతకం పెట్టించగలిగితే సగం పుణ్యం దక్కినట్టే. తెలంగాణలోనైతే స్థానిక న్యాయవాది చేత కౌలు పత్రం రాయించుకోండి. నోటిమాట మీద ఏదీ వద్దు.

4. డబ్బు: ముందు పాస్‌పోర్టు చూడండి

ఇది పొడిగా అనిపించినా తప్పించుకోలేని అడుగు. పంపేవారు భారత పౌరులైతే, తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవారంతా దాదాపు ఈ కోవలోకే వస్తారు. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, వచ్చినదాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు.

ఊరి గుడికి అలాంటి నమోదు సాధారణంగా ఉండదు. అలాంటప్పుడు అన్నదమ్ముల ఖాతాకు పంపి సంఘం పనికి వాడించడం దొడ్డిదారి. రేపు అది ఊరివారి మెడకు చుట్టుకుంటుంది. విదేశీ పౌరులు తమ వారసత్వ పొలాన్ని న్యాయమైన కౌలుకు ఇచ్చి, ఆ కౌలును మన దేశంలోని తమ ఎన్ఆర్ఓ ఖాతాలో (ఇక్కడి ఆదాయం కోసం ప్రవాసులు తెరిచే బ్యాంకు ఖాతా) జమ చేయించుకోవడమే సరళమైన మార్గం. డబ్బు పెట్టుబడి భారత పౌరులైన ప్రవాసులు, ఊళ్లోవారు కలిసి పెట్టుకోవచ్చు. ఏది ఎలా ఉన్నా, మొదటి రూపాయి కదిలే ముందు ఒక ఆడిటర్‌ను కలవండి.

సంఘం రూపం గురించి తొలి ఏడాది తల బద్దలు కొట్టుకోవద్దు. రెండు పంటలు నిలిచాక, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. పది మంది సాగుదారులుంటే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ కూడా పెట్టుకోవచ్చు.

5. నష్టం ఎవరిదో ముందే రాసుకోండి

లాభం పంచుకోవడం గురించి అందరూ మాట్లాడతారు. కోతకు వారం ముందు తుపాను వచ్చి పంట నేలకొరిగితే ఏమిటన్న మాట ఎవరూ ఎత్తరు. మీరు ఎత్తండి. ఒప్పందంలో ఈ వరుస ఉండేలా చూడండి: కూలి ఎప్పటికప్పుడు చెల్లించాలి, పంట పోయినా వెనక్కి అడగకూడదు. దుక్కి, విత్తనం, నాట్ల ఖర్చు పెట్టినవారు ఆ నష్టాన్ని భరించాలి. పంట వస్తే ముందు వచ్చే ఏడాది విత్తనం తీయాలి, తర్వాత వంటగది పాలు, ఆపైన సాగుదారు పాలు. పెట్టుబడి పెట్టినవారికి చివర్లో, అదీ మిగిలితేనే. విదేశంలో ఉన్నవారికి ఇది కటువుగా అనిపించవచ్చు. నెలజీతం ఉన్నవారు మోయగల నష్టం, ఎకరం కౌలు మీద బతికే ఇల్లు మోయలేదు. మొక్కు చెల్లించేటప్పుడు తిరిగి ఎంత వస్తుందని ఎవరూ అడగరు కదా. ఈ పెట్టుబడిని ఆ మనసుతోనే పెట్టమనండి.

నిర్ణయాధికారం కూడా స్పష్టంగా రాయండి. ఏ రకం వేయాలి, ఎప్పుడు నారు పోయాలి, ఎప్పుడు కోయాలి అన్నది పొలంలో ఉన్నవారి మాట. లెక్క చూడటం, ప్రశ్న అడగటం, ఫొటో కోరటం దూరాన ఉన్నవారి హక్కు. యూట్యూబ్‌లో చూసిన పద్ధతిని అర్ధరాత్రి మెసేజ్‌లో పంపి అమలు చేయమనడం ఎవరి హక్కూ కాదు.

6. పండుగలను పంట క్యాలెండర్‌కు ముడివేయండి

మన పండుగలు పంటల చుట్టూ పుట్టినవే కాబట్టి ఇది సులువు. పైగా అమెరికాలో పిల్లలకు బడి సెలవులు జూన్ నుంచి ఆగస్టు వరకు ఉంటాయి. సరిగ్గా అదే మనకు తొలకరి, నాట్ల కాలం.

జ్యేష్ఠ పౌర్ణమి నాటి ఏరువాకతో మొదలుపెట్టండి. నాగలి పూజ తర్వాత మొదటి సాలు ఆ పొలం సాగుచేసే మనిషే తీయాలి, ముఖ్య అతిథి కాదు. జూన్ నెలాఖరులో నారు పోస్తే జులైలో నాట్లు పడతాయి. సెలవులకు వచ్చిన పిల్లలను ఒక రోజు మడిలోకి దింపండి. నాటే ఆడవారికి ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వండి, పిల్లలకు నేర్పినందుకు పైన కొంత కలపండి. వాళ్లు అక్కడ గురువులు. పిల్లలు వంకరటింకరగా నాటిన రెండు వరుసలను సరిచేయడానికి పట్టే సమయం కూడా కూలి లెక్కలో ఉండాలి.

ఆషాఢంలో బోనాలకు ఊరి పోచమ్మకు పెట్టే బోనంలోకి బియ్యం నిరుడు ఈ పొలంలో పండినవే కావాలి. మొదటి ఏడాది కుదరదు, రెండో ఏడాది నుంచి కుదురుతుంది. గట్ల మీద జులైలోనే బంతి నాటండి. శనగపచ్చ పురుగును ఆకర్షించే ఎర పంటగా కూరగాయలకు, కందికి బంతి రక్షణ ఇస్తుంది. దసరాకు, బతుకమ్మకు పూలూ ఇస్తుంది. సాంబ మసూరి లాంటి 150 రోజుల రకం నవంబరు చివరికి కోతకు వస్తుంది. డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు, జనవరిలో సంక్రాంతికి వచ్చేవారికి కొత్త బియ్యం సిద్ధంగా ఉంటాయి. చాలా చర్చిల్లో పంటకోత పండుగ నాడు గుమ్మడికాయలు, ధాన్యం, కోళ్లు తెచ్చి అర్పించి, వేలం వేయడం ఆనవాయితీ. ఆ వేలంలో విదేశంలో ఉన్నవారు ఫోనులో పాట పాడవచ్చు. పాడిన వస్తువును ఊళ్లో ఒక వితంతువు ఇంటికి పంపమనవచ్చు. ముస్లిం కుటుంబాలు పాలు పంచుకుంటే వారి పాలులో ఉష్ర్, అంటే పంట మీద ఇవ్వాల్సిన దానం, ఉంటుంది: వాన నీటితో పండితే పదో వంతు, ఖర్చుపెట్టి నీరు పెడితే ఇరవయ్యో వంతు. అది పేదలకు చెందేది. దాన్ని వంటగది లెక్కలో కలిపేయకుండా విడిగా తీసి, పేదలకు పంచేందుకు ఆ కుటుంబాలకే అప్పగించండి.

7. పొలంలో పని

అన్నదానం అంటున్నాం కాబట్టి మందులు తగ్గించే సాగు తగినది. మొదటి ఏడాదే అంతా మార్చేయాలని సాగుదారును ఒత్తిడి చేయకండి. దిగుబడి పడిపోతే భారమంతా ఆ ఇంటి మీద పడుతుంది. అర ఎకరం జీవామృతంతో, అర ఎకరం అలవాటైన పద్ధతిలో చేసి పోల్చుకోవచ్చు.

ఎకరానికి జీవామృతం ఇలా కలుపుకోండి. 200 లీటర్ల డ్రమ్మును నీడలో పెట్టి నీళ్లు నింపండి. అందులో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి లేదా ఏదైనా పప్పుపిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు వేయాలి. గట్టు మట్టి అనడానికి కారణం ఉంది. అక్కడ రసాయనాలు పడవు, సూక్ష్మజీవులు బతికి ఉంటాయి. గోనెపట్టా కప్పి పొద్దున, సాయంత్రం కర్రతో ఒకే దిక్కుకు తిప్పాలి. రెండో రోజుకు పైన నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. 48 గంటల తర్వాత నీటి పారకంతో వదలండి, వారంలోపు వాడేయండి. ఈ డ్రమ్మును గుడి వెనుకో చర్చి ఆవరణలోనో పెడితే, దర్శనానికి వచ్చినవారు ఒక చేయి వేసి తిప్పి వెళ్తారు.

వేసవిలో, తొలకరి వానలకు ముందే నవధాన్యాలు కలిపి పొడి దుక్కిలో చల్లడం ఆంధ్రాలో ప్రకృతి సేద్యం చేసే రైతులకు ఇప్పుడు బాగా అలవాటైంది. పూజలో వాడే ధాన్యాలు, పప్పులే నేలను కప్పి ఉంచి ఎరువుగానూ మారతాయి. ఆ విత్తనాలను ఇంటింటి నుంచి దోసెడు చొప్పున సేకరించండి. దోసెడు పెసలు ఇచ్చిన ఇల్లు ఆ పొలాన్ని తనదిగానే చూసుకుంటుంది.

8. కళ్లంలో కొలత

కోత యంత్రం వచ్చి గంటలో పని ముగించేస్తున్న ఈ రోజుల్లో కూడా, వంటగది పాలు మాత్రం కళ్లంలో అందరి ముందు కొలవండి. రాశికి పసుపు, కుంకుమ పెట్టి, తూర్పుకు తిరిగి కుంచం నింపుతారు. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు. కొలిచే పెద్దాయన గొంతు, ధాన్యం గోనెలోకి జారే చప్పుడు, లెక్క తప్పకుండా గీతలు పెట్టే అమ్మాయి, ఇదంతా ఫోనులో చూపించండి. బ్యాంకు రసీదు కంటే ఎక్కువ నమ్మకం ఇక్కడ పుడుతుంది. తేమ ఆరకుండా మిల్లుకు తోలితే నూక ఎక్కువవుతుంది. కాబట్టి రెండు, మూడు ఎండలు ఎండబెట్టి, సంచుల మీద పొలం పేరు రాసి నిల్వ చేయండి. అన్నీ ఒకేసారి మర పట్టించకండి, నెలకు సరిపడా ఆడిస్తే పురుగు పట్టదు.

9. పొరపొచ్చాలు రాకుండా

రెండు మతాలవారు కలిసి చేస్తుంటే ఎవరి ప్రార్థన వారు చేసుకునేలా వదిలేయండి. పొలంలో కలిపి ప్రార్థన చేయించాలన్న ఉత్సాహం ఎవరో ఒకరిని ఇబ్బంది పెడుతుంది. భోజనం ఉమ్మడి, పని ఉమ్మడి, అది చాలు. అన్నం పెట్టేచోట బోధ వద్దు. ఓసీఐ కార్డుదారులు మన దేశంలో మత ప్రచార కార్యక్రమాలు చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలన్న నిబంధన కూడా ఉంది. వచ్చినవారు నాటు వేసి, వడ్డించి వెళ్తే ఎవరికీ చిక్కు రాదు.

దాతల పేర్ల పలక పెట్టకండి. పెట్టి తీరాలంటే ఆ ఏడాది సాగుచేసినవారి, నాట్లు వేసినవారి పేర్లతోనే పలక మొదలవ్వాలి. ఎన్నికల ఏడాదిలో అన్నదానం పందిట్లో ఏ పార్టీ కండువా కనిపించకూడదని ముందే తీర్మానం చేయండి. నీటి వంతు దగ్గర పక్క పొలంతో తగవు వస్తే విదేశంలో ఉన్నవారిని అందులోకి లాగకండి. ఊళ్లో నీరుగట్టి, పెద్దమనుషులు తేల్చుకోగలరు.

10. లెక్క, మళ్లీ ఒప్పందం

ఖర్చును ఒకే నోటు పుస్తకంలో, తెలుగులో, రోజువారీగా రాయించండి. రాసేది చదువుకున్న ఊరి అమ్మాయి అయితే మంచిది, ఆమె పనికి నెలకు ఇంత అని ఇవ్వండి. నెలాఖరున ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్ బృందంలో పెట్టడమే నివేదిక. అందంగా ముద్రించిన నివేదికలు అడిగే ప్రవాసులుంటే, ఆ పని వాళ్లకే అప్పగించండి. అమెరికాలో పన్ను చెల్లించేవారు ఇక్కడి కౌలు ఆదాయాన్ని అక్కడ చూపించాలి. మన దగ్గర వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అని వదిలేయకూడదు.

ఉగాదికి రెండు వారాల ముందు శనివారం కూర్చోండి. ఉగాది తర్వాత రాసుకుంటే పదకొండు నెలల ఒప్పందం ముగిసే సమయం అదే. ఎన్ని పూటలు పెట్టాం, ఎన్ని సంచులు మిగిలాయి, సాగుదారు ఇంటికి కూలి, పాలు కలిపి ఎంత చేరింది, ఈ మూడు అంకెలు చదవండి. మూడోది సాటి రైతుల రాబడి కంటే తక్కువగా ఉంటే, వంటగది పాలు తగ్గించి అయినా దాన్ని సరిచేశాకే రెండో ఎకరం మాట ఎత్తండి. సాగుదారు కొనసాగుతానంటే అక్కడే కొత్త పత్రం మీద సంతకాలు చేయించి, యజమాని సంతకం కోసం ఆ రాత్రే కాపీ విదేశానికి పంపండి.